మనోడి పొలిమేర

హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో కాసేపు నిలబడి తల పైకెత్తితే రెండు పేర్లు కనిపిస్తాయి. మెహిదీపట్నం నుంచి స్తంభాల మీదుగా పదకొండున్నర కిలోమీటర్లు సాగివచ్చిన వంతెన ఇక్కడ నేలకు దిగుతుంది. 2009లో తెరిచిన ఆ దారికి పి.వి. నరసింహారావు పేరు. ఇక్కడి నుంచే జూపార్కు వైపు మరో వంతెన పైకి లేస్తుంది. 2025 జనవరిలో ప్రారంభమైన ఆ నాలుగు కిలోమీటర్లకు మన్మోహన్ సింగ్ పేరు. 1991లో దేశం ఖజానా అడుగంటిన రోజుల్లో ఒకే బల్ల దగ్గర కూర్చున్న ప్రధాని, ఆర్థిక మంత్రి ఇన్నేళ్లకు పాతబస్తీ అంచున ఇలా కలిశారు. ఇంకొంచెం తూర్పుకు పోతే మిధాని దగ్గర ఏపీజే అబ్దుల్ కలాం పేరుతో ఇంకో వంతెన ఉంది. కంచన్‌బాగ్ డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరుగా వచ్చి ఆయన క్షిపణులు తయారుచేసిన చోటు అక్కడికి కూతవేటు దూరం.

ముగ్గురిలో ఒక్కరూ పాతబస్తీ ఓట్లతో గెలిచినవాళ్లు కారు. మన్మోహన్ అయితే ప్రజల ఓటుతో ఏనాడూ లోక్‌సభకు వెళ్లలేదు. 1999లో దక్షిణ ఢిల్లీలో ఒక్కసారి నిలబడి ఓడారు. అస్సాం నుంచి రాజ్యసభకు వెళ్తూనే పదేళ్లు ప్రధానిగా ఉన్నారు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న గాహ్ అనే పల్లెలో పుట్టిన మనిషి గువాహటి చిరునామాతో దేశాన్ని ఏలితే, ఆయన పేరు బహదూర్‌పురా మీదుగా పోయే దారికి వచ్చింది.

మన దగ్గర నాయకుణ్ణి తూచే తూకంరాయి ఒకటుంది. మనోడా, బయటోడా? ఓటు వేసేటప్పుడూ అదే అడుగుతాం, పోయాక విగ్రహం పెట్టేటప్పుడూ అదే అడుగుతాం. అయితే ఒక మనిషి ఎక్కడివరకు మనోడు? ఏ వీధి దాటితే పరాయివాడవుతాడు? ఈ సంగతి నాకు గ్రంథాలయంలో కన్నా చార్మినార్ చుట్టూ తిరిగినప్పుడే ఎక్కువ తెలిసింది.

సంక్రాంతికి వారం ముందు గుల్జార్‌హౌజ్ పోయి చూడండి. దుకాణాల ముందు పతంగులు కట్టలు కట్టలుగా వేలాడుతుంటాయి. ఉల్లిపొర కన్నా పల్చని కాగితం, మధ్యలో నిలువు వెదురుపుల్ల, దానిమీద విల్లులా వంచి అంటించిన ఇంకో పుల్ల. కొనేవాడు పతంగిని చేతిలోకి తీసుకుని పుల్లను తలమీద ఆనించి కొద్దిగా వంచి చూస్తాడు, రెండువైపులా ఒకేలా వంగుతుందా లేదా అని. ఒకవైపు బరువెక్కువైతే అది గాలిలో నిలవదు, గిరికీలు కొట్టి కింద పడుతుంది. ఇదే పతంగి మజ్లిస్ పార్టీ గుర్తు. ఎన్నికల నెలలో గల్లీ గల్లీలో కరెంటు తీగల మధ్య వేలాడేదీ ఇదే.

అక్కడ పతంగులమ్మే ఓ పెద్దాయనతో మాట కలిపాను. డెబ్బై దాటి ఉంటుంది. "చాచా, ఐదుసార్లు అసదుద్దీన్ ఒవైసీ ఒక్కరినే గెలిపిస్తిరి. ఢిల్లీల ఆయన మాట్లాడేది మీకు నచ్చుతదా?" అనడిగాను. చేతిలో మాంజా చుడుతూనే జవాబిచ్చాడు. "బేటా, పార్లమెంటుల ఏం మాట్లాడిండో నాకు సగమే సమజైతది. మా మనవడి కాగితం ఆఫీసుల ఆగిపోతే దారుస్సలాం పోయిన. కూసోబెట్టిన్రు, కాగితం చూసిన్రు, ఫోన్ చేసిన్రు. ఎవరన్నా కూసోబెడ్తరా మా అసొంటోళ్లను?"

దారుస్సలాం మజ్లిస్ కేంద్ర కార్యాలయం. పొద్దున పదింటి తర్వాత వెళ్తే వరండాలో బల్లల మీద మనుషులు వరసగా కనిపిస్తారు. బుర్ఖా కొంగులో మడిచిపెట్టుకున్న రేషన్ కార్డు, ప్లాస్టిక్ సంచిలో ఆస్పత్రి బిల్లు, పేరు తప్పుపడ్డ ఆధార్. శాసనసభ్యులు, కార్పొరేటర్లు వంతులవారీగా కూర్చుని చూస్తారు. ఇది ఒకరోజు తంతు కాదు, దశాబ్దాల అలవాటు. మతం పేరు చెప్పి గెలుస్తారని బయటివాళ్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది కథలో ఒక పాయ మాత్రమే. ఆ వరండాను చూడకుండా ఈ కోట ఎలా నిలిచిందో చెప్పడం కుదరదు.

ఈ కోట రాత్రికి రాత్రి లేచింది కాదు. మజ్లిస్ 1927లో పుట్టింది. బహదూర్ యార్ జంగ్ లాంటి వక్త దానికి పేరు తెచ్చాడు. ఆయన 1944లో చనిపోయాక అది ఖాసిం రజ్వీ చేతికి పోయి, రజాకార్ల హింసతో తెలంగాణ పల్లెల్లో మానని గాయం చేసింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో అంతా కూలిపోయింది. రజ్వీ 1957లో జైలు నుంచి బయటికొచ్చి పాకిస్తాన్ వెళ్లిపోతూ పార్టీని వదిలేశాడు. ఆ శిథిలాన్ని భుజానికెత్తుకున్నది అబ్దుల్ వాహెద్ ఒవైసీ అనే న్యాయవాది. కొత్త రాజ్యాంగానికి లోబడి, ఎన్నికల బాటలో 1958 నుంచి మళ్లీ మొదలుపెట్టారు. ఆయన కొడుకు సుల్తాన్ సలావుద్దీన్ 1960లో మల్లేపల్లి నుంచి కార్పొరేటర్ అయ్యాడు. 1962లో పత్తర్‌గట్టిలో మంత్రిగా ఉన్న మాసూమా బేగంను ఓడించి శాసనసభకు వెళ్లాడు. ఆమె కాంగ్రెస్ వాది, చదువుకున్న పెద్దింటి మనిషి, ఆ కాలానికి అరుదైన మహిళా నేత. ఆమె ఓటమితో పాతబస్తీలో ఒక తరం వెళ్లిపోయి, గల్లీ గల్లీ కాలినడకన తిరిగే తరం వచ్చింది.

1984లో ఆయన లోక్‌సభకు స్వతంత్రుడిగా నిలబడ్డారు. దేశమంతా ఇందిర హత్య తాలూకు సానుభూతి, రాష్ట్రమంతా ఎన్టీఆర్ గాలి. 42 స్థానాల్లో 30 తెలుగుదేశానివే. ఆ రెండు గాలులకూ అందకుండా హైదరాబాద్ సలావుద్దీన్‌ను కొద్దిపాటి మెజారిటీతో గట్టెక్కించింది. ఆ తర్వాత 2004 దాకా ఆయనదే ఆ కుర్చీ, వరసగా ఆరుసార్లు. అదే రోజుల్లో మెడికల్ కాలేజీ, సహకార బ్యాంకు నిలబెట్టారు. 1996లో ఆయన మీద నిలబడి ఓడినవారిలో ఎం. వెంకయ్యనాయుడు ఉన్నారు. నెల్లూరు జిల్లా ఉదయగిరి రెండుసార్లు శాసనసభకు పంపిన మనిషికి మూసీ దక్షిణ ఒడ్డు తలుపు తీయలేదు. ఆయన కర్ణాటక, రాజస్థాన్‌ల నుంచి రాజ్యసభ మీదుగా కేంద్రమంత్రి, చివరికి ఉపరాష్ట్రపతి అయ్యారు. ప్రజల ఓటుతో లోక్‌సభకు వెళ్లిన సందర్భం ఆయన జీవితంలో లేదు.

కోట గోడలు గట్టిపడటానికి ఇంకో కారణం ఉంది, దాన్ని మనం తక్కువగా మాట్లాడుకుంటాం. ఒకప్పుడు హైదరాబాద్ లోక్‌సభ స్థానం తాండూరు, వికారాబాద్ పల్లెల దాకా సాగేది. కంది, జొన్న పండించే రైతు దగ్గరికీ అభ్యర్థి వెళ్లాల్సి వచ్చేది. 2009 నుంచి అమలైన నియోజకవర్గాల పునర్విభజనలో ఆ పల్లెలు చేవెళ్లకు పోయాయి. మిగిలినవన్నీ నగరంలోని ఏడు సెగ్మెంట్లు. గోషామహల్ తప్ప ఆరూ మజ్లిస్‌వే. 2004 నుంచి సలావుద్దీన్ కొడుకు అసదుద్దీన్ గెలుస్తున్న తీరు చూడండి. 2014లో మెజారిటీ రెండు లక్షల పైచిలుకు, 2019లో 2,82,186, 2024లో 3,38,087. పటం మీద గీత జరిగితే మనోళ్ల లెక్క మారిపోతుంది. ఓటరు ఉన్నచోటే ఉన్నాడు, మారింది గీతే.

అలాగని గోడకు పగుళ్లు లేవని కాదు. 2023 శాసనసభ ఎన్నికల్లో మజ్లిస్ తన ఏడు స్థానాలూ నిలబెట్టుకుంది కానీ, యాకుత్‌పురాలో బయటపడింది కేవలం 878 ఓట్లతో. ఎదుట నిలిచింది బీజేపీ కాదు, మజ్లిస్ నుంచే చీలిన ఎంబీటీ. ఆ చీలిక కథకు మళ్లీ వస్తాను. దానికి పి.వి.తో సంబంధం ఉంది.

ఇక్కడ ఇంత గట్టిగా పాదుకున్న పార్టీ బయట ఎక్కడ మొలకెత్తిందో చూస్తే నాకు ఆశ్చర్యం కలుగుతుంది. 2012లో నాందేడ్ నగరపాలక సంస్థలో 11 స్థానాలు. 2014లో మహారాష్ట్ర శాసనసభలో రెండు, వాటిలో ఒకటి ఔరంగాబాద్ సెంట్రల్. 2019లో ఔరంగాబాద్ లోక్‌సభ స్థానమే ఇంతియాజ్ జలీల్ గెలిచారు. నాందేడ్, ఔరంగాబాద్ రెండూ 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోవే. ఔరంగాబాద్ అయితే హైదరాబాద్‌కు ముందు నిజాముల రాజధాని. భాషా రాష్ట్రాలు ఏర్పడి గీతలు చెరిగిపోయి అర్ధశతాబ్దం దాటినా, పాత రాజ్యం పటం మనుషుల బంధుత్వాల్లో, నాలుక మీది దక్కనీ ఉర్దూలో, సంబంధాలు కలుపుకునే అలవాటులో మిగిలే ఉంది. అక్కడి ఓటరుకు చార్మినార్ వేరే దేశం కాదు, చిన్నమ్మ వాళ్ల ఊరు.

ఆ పొలిమేర దాటాక కథ వేరు. ఉత్తరప్రదేశ్‌లో 2017లోనూ, 2022లోనూ సున్నా. 2021లో బెంగాల్‌లో సున్నా. లింకన్స్ ఇన్‌లో చదివిన న్యాయవాది అసదుద్దీన్ శేర్వానీ వేసుకుని టీవీలో మాట్లాడుతుంటే ఆ రాష్ట్రాల యువకులు శ్రద్ధగా వింటారు, సభలకు వేలల్లో వస్తారు. ఓటు పెట్టె దగ్గరికొచ్చేసరికి ‘హైదరాబాద్ నుంచి వచ్చిన ఆయన’ అయిపోతాడు. అక్కడ దారుస్సలాం వరండా లేదు మరి. బిహార్ సీమాంచల్ ఒక మినహాయింపు. 2015లో ఒక్కటీ రాలేదు. 2020లో ఐదు వచ్చాయి. 2022లో ఆ ఐదుగురిలో నలుగురు ఆర్‌జేడీలో కలిసిపోయారు. ఒంటరిగా మిగిలిన అఖ్తరుల్ ఇమాన్ అక్కడి మట్టిమనిషి, సూర్జాపురి మాట్లాడే పల్లెల్లో దశాబ్దాలుగా తిరిగినవాడు. 2025లో మళ్లీ ఐదు గెలిచారు. హైదరాబాద్ పేరు జెండా మీద ఉన్నా, జెండా మోసిన భుజం కిషన్‌గంజ్‌ది కాబట్టే అది సాధ్యమైందని నా నమ్మకం.

ఇప్పుడు మొదటి వంతెన పేరు దగ్గరికి వద్దాం.

పి.వి.ది వంగర. 1957 నుంచి 1977 దాకా మంథని శాసనసభ్యుడు. ‘మనోడు’ అనే మాట ఒక మనిషిని ఎన్ని రకాలుగా కుదిపిందో తెలియాలంటే ఆయన జీవితం చూడాలి. హైదరాబాద్‌లో ఆ మాటకు చట్టబద్ధమైన పేరే ఉండేది, ముల్కీ. ఈ ముల్కుకు చెందినవాడు. నిజాం కాలంలో ఉద్యోగాల కోసం పెట్టిన నిబంధన అది. 1952 సెప్టెంబరులో ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ అంటూ విద్యార్థులు రోడ్డెక్కితే సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులు జరిగాయి. ఇప్పటికీ హైకోర్టు ముందు నుంచి నయాపూల్ వైపు నడిచేటప్పుడు ఆ ఎర్రటి కాలేజీ భవనం చూస్తే నాకు ఆ పిల్లలే గుర్తొస్తారు. ఇరవయ్యేళ్ల తర్వాత, 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పిచ్చింది. అప్పుడు ముఖ్యమంత్రి పి.వి. తీర్పును స్వాగతించారు. కోస్తా, రాయలసీమ భగ్గుమన్నాయి. జై ఆంధ్ర ఉద్యమం లేచింది. భూసంస్కరణల వల్ల భూస్వాముల్లో అప్పటికే ఉన్న కోపమూ దానికి తోడైంది. 1973 జనవరికల్లా ఆయన పదవి పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. తెలంగాణవాడు కాబట్టే ముఖ్యమంత్రి అయ్యారు, తెలంగాణవాడు కాబట్టే దిగిపోయారు.

1984లో సొంత గడ్డ కూడా చేయిచ్చింది. హన్మకొండలో బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడారు. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద బీజేపీ గెలిచినవి రెండే స్థానాలు, వాటిలో అదొకటి. ఆయన్ను ఆదుకున్నది మహారాష్ట్రలోని రాంటెక్. అక్కడా నిలబడి గెలిచారు, 1989లోనూ గెలిచారు. నాగపూర్‌లో చదువుకున్నవాడు, మరాఠీ నవలను తెలుగు చేసినవాడు. అక్కడి పల్లెలో మైకు పట్టుకుని వాళ్ల మాటలోనే మాట్లాడగలిగిన తెలుగువాడు ఇంకొకరు ఉన్నారా? ఓటరుకు నువ్వెక్కడ పుట్టావన్నది ఒక్కటే కాదు, నా మాట నీకు అర్థమవుతుందా అన్నదీ కావాలి. పి.వి.కి భాషలే నియోజకవర్గాలు.

1991లో ఆయన పోటీయే చేయలేదు. పుస్తకాలు పెట్టెల్లో సర్దుకుని హైదరాబాద్ వచ్చేసే ఏర్పాట్లలో ఉన్నారు. మే 21న రాజీవ్ హత్య జరిగింది. ఆ ఎన్నికల్లో ఉత్తరప్రదేశ్‌లో కాంగ్రెస్‌కు పట్టుమని పది కూడా రాలేదు. పార్టీని దక్షిణాదే నిలబెట్టింది. ఢిల్లీ పీఠానికి ఉత్తరాది దారి మూసుకుపోయిన ఆ ఒక్క సందులోంచి జూన్ 21న మొదటి తెలుగు ప్రధాని వచ్చారు. లోక్‌సభకు పోవాలంటే సీటు కావాలి. నంద్యాల ఖాళీ చేశారు. జీవితమంతా కాంగ్రెస్‌తో పోరాడిన ఎన్టీఆర్, తెలుగువాడు ప్రధాని అయ్యాడంటూ తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీ. జై ఆంధ్ర రోజుల్లో ఆయన్ను దిగిపొమ్మన్న సీమే ఇంత ఓటు కుమ్మరించింది. తెలంగాణవాడుగా వద్దనుకున్నవాళ్లకు తెలుగువాడుగా కావలసినవాడయ్యాడు. ‘మనోడు’ పొలిమేర ఒక్కోసారి ఇలా జరుగుతుంది. ఎదుట ఢిల్లీ కనిపిస్తే పెద్దదవుతుంది, పక్కింటివాడు కనిపిస్తే చిన్నదవుతుంది.

   

పాతబస్తీలో పి.వి. గురించి అడిగితే ఈ కథలేవీ రావు. ఒక్క తేదీ వస్తుంది. 1992 డిసెంబరు 6. బాబ్రీ మసీదు కూలిన ఆదివారం. ప్రధానిగా ఆయన ఆపగలిగీ ఆపలేదని ఇక్కడి జనం గట్టిగా నమ్ముతారు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన హామీని నమ్మాననీ, రాజ్యాంగపరంగా చేతులు కట్టేసి ఉన్నాయనీ ఆయన చెప్పుకున్నారు. ఆ వాదనలో కొంత నిజముంది. అయినా మసీదు పోయింది, దేశమంతటా ప్రాణాలు పోయాయి. ఆ భారం ఆ రోజు కుర్చీలో ఉన్నవాడి మీద పడక తప్పదని నేననుకుంటాను. ఏటా ఆ రోజు చార్మినార్ చుట్టూ పోలీసు వ్యాన్లు నిలుస్తాయి, చాలా షట్టర్లు దిగి ఉంటాయి.

ఆ దెబ్బ మజ్లిస్‌నూ వదల్లేదు. బాబ్రీ విషయంలో నాయకత్వం గట్టిగా నిలబడలేదంటూ అమానుల్లా ఖాన్ 1993లో బయటికొచ్చి ఎంబీటీ పెట్టారు. 1994 శాసనసభ ఎన్నికల్లో మజ్లిస్‌కు మిగిలింది ఒక్క చార్మినార్. అక్కడ గెలిచిన పాతికేళ్ల కుర్రాడే అసదుద్దీన్. చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా ఎంబీటీకి పోయాయి. అదే ఎన్నికల్లో పి.వి. సొంత రాష్ట్రంలో కాంగ్రెస్ 294కి 26 దగ్గర ఆగిపోయింది. వంగర మనిషి ఢిల్లీలో చేసిన, చేయని పనికి శాలిబండ గల్లీలో లెక్క తేలింది. ముప్పై ఏళ్లకు కూడా యాకుత్‌పురాలో ఆ 878 ఓట్ల తేడాలో దాని నీడ ఉంది.

పి.వి. 2004 డిసెంబరు 23న ఢిల్లీలో కన్నుమూశారు. పార్థివదేహాన్ని తెచ్చిన వాహనం కాంగ్రెస్ కార్యాలయం గేటు బయటే ఆగింది, లోపలికి పోలేదు. చాలామంది ప్రధానులకు ఢిల్లీలో యమున ఒడ్డున చోటు దొరుకుతుంది. ఆయనకు హుస్సేన్‌సాగర్ ఒడ్డున దొరికింది. తన పార్టీ వదిలేసిన మనిషిని మళ్లీ ఎత్తుకున్నది ఆయన ఊరు, ఆయన ప్రాంతం. 2014లో తెలంగాణ వచ్చాక కొత్త రాష్ట్రానికి తనదని చెప్పుకునే పెద్దమనిషి కావలసి వచ్చింది. 2020లో శతజయంతి ఉత్సవాలు మొదలయ్యాయి. అదే ఏడాది సెప్టెంబరులో భారతరత్న ఇవ్వాలని శాసనసభ తీర్మానించింది. ఆ రోజు సభలో మజ్లిస్ సభ్యులు లేరు. మరుసటి ఏడాది ఆయన కుమార్తె వాణీదేవి శాసనమండలికి గెలిచారు. 2024లో కేంద్రం భారతరత్న ప్రకటించింది. వాళ్లది బీజేపీ ప్రభుత్వం, ఆయన జీవితమంతా కాంగ్రెస్. వంగరలో మాత్రం ఆ లెక్కలు ఎవరూ వేయలేదు.

పటం మీది గీతల సంగతి ఇంకా ముగియలేదు. రాబోయే ఏళ్లలో లోక్‌సభ స్థానాల పునర్విభజన మళ్లీ చర్చకు వస్తుంది. రాష్ట్రాల వాటా 1976లో ఆగినచోటే ఉంది. జనాభా లెక్కన పంచితే ఉత్తరాదికి పెరుగుతాయి, మన బలం తగ్గుతుంది. 1991లో దొరికిన సందు లాంటిది మళ్లీ తెరుచుకోవడం ఇంకా కష్టమవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 42 స్థానాలతో కూర్చున్న తెలుగువాళ్లం ఇప్పుడు 25, 17గా విడిపోయి ఉన్నాం. ఇది నన్ను నిజంగా కలవరపెడుతుంది.

మొన్న ఛత్తాబజార్‌లో ఒక పెళ్లికార్డుల ప్రెస్సుకు వెళ్లాను. ఆ వీధి నిండా కార్డులే. బంగారు అంచులు, మఖ్మల్ డబ్బాలు, తడి సిరా వాసన. ఒక మధ్యవయసు మనిషి కంప్యూటర్ ముందు కూర్చుని ఉర్దూలో కార్డు కూర్చుతున్నాడు. కుడి నుంచి ఎడమకు అక్షరాలు ఒకదానికొకటి అల్లుకుంటూ పోతున్నాయి. పైన బిస్మిల్లా, కింద వధూవరుల తండ్రుల పేర్లు, ఆ కింద వలీమా జరిగే ఫంక్షన్ హాల్. అత్తాపూర్ వైపు హాళ్లకు చిరునామా ఇంటి నంబరుతో చెప్పరు, వంతెన స్తంభం నంబరుతో చెబుతారు.

"డిసెంబరు ఆరున దుకాణం తీస్తారా అన్నా?" అనడిగాను.

"లేదు. మా అబ్బా ఉన్నప్పటి నుంచీ బందే," అన్నాడు తల తిప్పకుండా. తర్వాత చివరి వరస కొట్టి, సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి వేలు పెట్టి పైకే చదివాడు: పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే, పిల్లర్ నంబర్... అక్కడ ఆగి, కస్టమర్ రాసిచ్చిన చీటీ కోసం బల్లమీద వెతకసాగాడు.